గాజు మేడలో కల్లుప్పు

మా కాట్రేనికోన వైపు కొబ్బరి మొక్క పాతేటప్పుడు గోతిలో దోసెడు కల్లుప్పు వేస్తారు. ఆ తరువాత కూడా ఏటా మృగశిర కార్తె రాగానే చెట్టు చుట్టూ పాదు తవ్వి, ఎరువుతో పాటు ఇంకొంత ఉప్పు చల్లుతారు. ఎందుకని అడిగితే మా నాన్న, "చెట్టుక్కూడా చప్పిడి కూడు సయించదే అమ్మాయ్" అనేవారు. ఆయన జీవితమంతా కొబ్బరి దింపు తీసిన మనిషి. ఎక్కే చెట్టు ఎవరిదైనా దాని బాగోగులు తనవే అన్నట్టు మాట్లాడేవారు.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఊళ్ళో రొయ్యల షెడ్డుకి వెళ్ళి తలలు తీసే పని చేసేదాన్ని. పని అయ్యాక నేరుగా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. నా చేతుల వాసన పుస్తకాలకి అంటుకుంటుందని అక్కడి గ్రంథపాలకుడుగారు బల్ల మీద పిండేసిన నిమ్మచెక్క ఒకటి సిద్ధంగా ఉంచేవారు. చేతులు రుద్దుకుని, కడుక్కుని, పమిటకి తుడుచుకుని పుస్తకం తీసేదాన్ని. మొక్కల పుస్తకాలున్న బీరువా కిటికీ పక్కన ఉండేది. గాలి తగులుతుందని మొదట ఆ బీరువా దగ్గర కూర్చున్నాను. అలా మొక్కల పుస్తకాలు నా చేతికొచ్చాయి. ఆ బీరువా మొత్తం చదివాననీ, కొన్నింటిని రెండుసార్లు చదివాననీ చెప్పుకోవడం ఇప్పటికీ నాకు ఇష్టం.

ఉప్పులో ఉండే క్లోరిన్ కొబ్బరికి నిజంగానే ఆహారమని ఆ బీరువాలోని ఒక పుస్తకంలో చదివిన రోజు ఇంటికి దాదాపు పరుగెత్తాను. నాన్న అరుగు మీద కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన పూర్తిగా విని, "అయితే ఆ పుస్తకం రాసినాయనెవరో మన తోటలోకి ఒకసారి వచ్చి ఉంటాడు" అన్నారు.

పెళ్ళై జొన్నాడ వచ్చాను. అక్కడ ఒక నర్సరీలో పనికి కుదిరాను. సంచుల్లో మట్టి నింపడం, అంట్లు కట్టడం, లారీకి మొక్కలు సర్దడం నా పని. పుస్తకాలకి ఆలమూరు గ్రంథాలయం ఉంది. నర్సరీలో మొక్కలకి ఇంగ్లీషు అక్షరాలతో పేర్ల చీటీలు ఉండేవి. డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటూ అవి చదవడం నేర్చుకున్నాను. ఏ మొక్క ఏ కుటుంబానిదో, ఏ దేశం నుంచి వచ్చిందో ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. తోటి ఆడవాళ్ళు నన్ను "పంతులమ్మా" అని ఎటకారం చేసేవారు. అది నాకు బిరుదులాగే వినిపించేది.

కొన్నేళ్ళ క్రితం మా నర్సరీ యజమానికి నగరంలో ఒక పని దొరికింది. అక్కడి పాత వృక్షశాస్త్ర ఉద్యానంలో ఒక గాజు మేడ ఉంది. పగిలిన అద్దాలు మార్చి, తుప్పు పట్టిన ఇనుప కమానులకి రంగు వేసి మళ్ళీ జనానికి తెరవబోతున్నారు. తగ్గిన మొక్కలు సరఫరా చేసి, తెరిచే దాకా చూసుకోవడానికి మనుషుల్ని కూడా పంపాలి. మాలో ఎనిమిది మందిని ఎంచారు. యజమానిగారు నన్ను పిలిచి, "నీకు పేర్లు చదవడం వచ్చు కదమ్మా, లోపలి మొక్కల పని నువ్వు చూడు" అన్నారు. నగరం పేరు, తోట పేరు ఇక్కడ రాయను. జరిగిన తప్పు నాది, ఆ తోటది కాదు.

గాజు మేడలో మొదటిసారి అడుగు పెట్టాను. ఎడమ రెక్కలో ఎడారి మొక్కలు, ముళ్ళతో, ఉబ్బిన ఒళ్ళతో. కుడి రెక్కలో తడి చెక్కలకి కట్టిన ఆర్కిడ్లు, నాచు పట్టిన రాళ్ళ మధ్య ఫెర్న్‌లు, పురుగుల్ని పట్టి తినే జాడీ మొక్కలు. నేను పుస్తకాల్లో నలుపు తెలుపు బొమ్మలుగా చూసినవన్నీ అక్కడ ఊపిరి పీలుస్తున్నాయి. ప్రతి మొక్క ముందూ ఇనుప రేకు మీద పేరు. ఒక్కొక్కటీ పైకి చదువుతూ తిరిగాను.

నా వెనకాల అడుగుల చప్పుడు వినిపించింది. తోట పెద్దమాలి. తెల్ల మీసాలు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు.

"ఏం బిడ్డా, మొక్కలకు హాజరు తీసుకుంటున్నవా?" అన్నారు.

"ఆయ్, పేర్లు చదువుతున్నానండి."

"సదువు సదువు. నాకు గా అక్షరాలు రావు. నేను పెట్టుకున్న పేర్లు నాకున్నయి."

ఉన్నాయి నిజంగానే. జాడీ మొక్కలు ఆయనకి చెంబులు. గుండ్రటి ఎడారి మొక్క మామ. గుమ్మటం కింద, సరిగ్గా నట్టనడుమ, ఇటుకలతో కట్టిన పెద్ద తొట్టిలో ఉన్న చెట్టు పెద్దాయన.

పెద్దాయన గురించి చెప్పాలి. తాటి, కొబ్బరి జాతుల కుటుంబంలోదే, కాని ఏదో దూరపు దీవిలో, పెద్ద చెట్ల నీడలో పెరిగే రకం. ఒంటి కాండం. ఆకులు గుండ్రటి విసనకర్రల్లా, ఒక్కొక్కటీ చేటంత వెడల్పు, మడత పెట్టి ఇస్త్రీ చేసినట్టు గీతలు. మరమ్మతుల కోసం మిగతా మొక్కలన్నింటినీ కొన్నాళ్ళు బయటికి మార్చారు కాని దీన్ని కదపలేక చుట్టూ వెదురు తడక కట్టి ఉంచారట. పెద్దమాలిగారి తండ్రి కూడా ఆ తోటలోనే పని చేశారు. ఆయన కూడా ఈ చెట్టుకే నీళ్ళు పోశారు. ఆ చెట్టు ఒక్కసారి కూడా మొలకెత్తే గింజ ఇవ్వలేదు. ఆ తోటలో అలాంటిది ఇంకొకటి లేదు.

రేకు మీద పేరు సగం తుప్పు తినేసింది. మిగిలిన సగంతో నా నోటు పుస్తకంలో వెతికి, కొబ్బరి కుటుంబం అని పట్టుకున్నాను. ఆ రోజు చాలా గర్వపడ్డాను.

మృగశిర వచ్చింది. ఒక మధ్యాహ్నం వాన మొదలై గాజు కప్పు మీద డప్పు వాయించినట్టు మోగింది. మేము లోపల నిలబడి తలలెత్తి చూశాం. అద్దాల మీద నీళ్ళు పాయలు కట్టి జారుతుంటే నాకు మా తోటలు గుర్తొచ్చాయి. ఈపాటికి నాన్న పాదులు తవ్విస్తూ ఉంటారు. కొబ్బరి కుటుంబం, మృగశిర, తొలకరి. నా తలలో మూడూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. మర్నాడు పొద్దున్న కిరాణా కొట్లో కల్లుప్పు కొని, పెద్దాయన చుట్టూ వేళ్ళకి తగలకుండా పాదు తీసి చల్లాను. పెద్ద చెట్టు కదా అని దోసెడుతో ఆగలేదు. నాలుగు దోసిళ్ళు వేశాను. మట్టి కప్పి నీళ్ళు చిలకరించాను.

ఎవరినీ అడగలేదు. పెద్దమాలిగారిని అడిగితే, చదువుకున్నదాన్నై ఉండి అక్షరాలు రాని మనిషిని అడిగినట్టవుతుందని లోపల ఎక్కడో అనుకున్నాననుకుంటాను. ఇది రాయడానికి ఇష్టంగా లేదు, కాని నిజం.

ఆరుద్ర కార్తె చివర్లో పెద్దాయన కింది ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. రెండు రోజుల్లో ఆ రంగు మడతల వెంట లోపలికి పాకింది. ఎవరో అగ్గిపుల్లతో అంచులు కాల్చినట్టుంది. పెద్దమాలిగారు ఆకుల్ని రెండు చేతుల మధ్య పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ తోట అధికారిణికి కబురు పెట్టారు. ఆవిడ వచ్చి చూశారు.

"రంగులోళ్ళ పనే మేడం" అన్నారు పెద్దమాలిగారు. "ఇనుముకు రంగేసినప్పుడు గా మందు నీళ్ళు తొట్టిల వడ్డయి. వద్దు వద్దని జెప్పిన."

ఆవిడ తల ఊపారు. "ఆ కాంట్రాక్టరుకి నోటీసు రాస్తాను. కాని ఇది ఇక నిలబడేలా లేదు. తెరిచే రోజుకి ఎండిన చెట్టు మధ్యలో పెట్టుకోలేం. తీసేసి ఇంకేదైనా పెడదాం."

ఆవిడ మాట పూర్తి కాకముందే నేను ఆకు అంచు చూశాను. అప్పుడు తెలిసింది. ఆ కాలడం నాకు తెలుసు. మా ఊళ్ళో రొయ్యల చెరువు పక్కనున్న వరి చేలో ఉప్పునీరు ఊరినప్పుడు సరిగ్గా ఇలాగే, ముందు కొసలు, తరువాత అంచులు, చివరికి మొవ్వు. చిన్నప్పుడు వందసార్లు చూశాను. చూసి కూడా ఇంత ఉప్పు నా చేత్తో వేశాను.

మా జట్టులో ఆలమూరు నుంచి వచ్చిన పెద్దావిడ నా పక్కనే ఉంది. అందరం అక్కా అనేవాళ్ళం. నేను ఉప్పు కొన్న రోజు నాతో కొట్టుకి వచ్చింది ఆవిడే. నా చెయ్యి గట్టిగా నొక్కి చెవిలో, "గమ్మునుండు. రంగులోళ్ళు ఎలాగూ వెళ్ళిపోయేరు" అంది.

నిజమే, వెళ్ళిపోయారు. వాళ్ళ తరపున కాదని చెప్పడానికి కూడా ఎవరూ లేరు. ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం పొడుగ్గానే ఉంది. కాని ఉప్పని చెప్పకపోతే ఉప్పుకి వైద్యం చెయ్యరు. చెట్టు పోతుంది.

"రంగు కాదండి" అన్నాను. "ఉప్పండి. నేనే వేసేను."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఏమేసినవ్?" అన్నారు పెద్దమాలిగారు.

"కల్లుప్పండి. మృగశిరకి. మా వైపు కొబ్బరికి వేస్తామండి."

"మనిషివా బిడ్డా నువ్వు? చెట్టుకు ఉప్పేస్తరా? కూరనుకున్నవా?"

  అధికారిణి, "ఎంత?" అని మాత్రం అడిగారు. చెప్పాను. "మీ యజమానికి ఫోన్ చెయ్యాలి" అన్నారు.

"చెయ్యండి మేడం. కాని చెట్టు తీయకండి. నాకు టైం ఇవ్వండి. ఉప్పు పట్టిన చేలను మా వాళ్ళు కడిగి బాగు చేస్తారండి. ఎలా కడుగుతారో నేను చూసేను."

"ఎంత టైం?"

"తెరిచే దాకా."

ఆవిడ పెద్దమాలిగారి వైపు చూశారు. ఆయన చెట్టు వైపు చూశారు. "ఎట్లాగూ తీసేసుడే అంటున్నరు గద మేడం. కడగనియ్యుండ్రి. పోతే ఆమె చేతులనే పోతది" అన్నారు. నా మీద దయతో కాదు, చెట్టు మీద ఆశతో.

ఆ సాయంత్రం యజమానిగారి ఫోన్ వచ్చింది. ఆయన కోప్పడలేదు. "పోతే పోనీ అమ్మా, ఆ చోట మన పామ్ మొక్కలు నాలుగు పెద్దవి పంపుతాను, అందంగా ఉంటాయి" అన్నారు. అది నాకు ఇంకా కష్టంగా తోచింది. మా నర్సరీ మొక్కలు ఏ పెళ్ళి మండపం గుమ్మం దగ్గరైనా ఉంటాయి. "వద్దండి, ఇప్పుడే పంపకండి" అని పెట్టేశాను. తరువాత నాన్నకి చేశాను. మొత్తం విన్నారు.

"కొబ్బరి కుటుంబమని ఉప్పేసేవా?"

"ఆయ్."

"మీ పెదనాన్న మన కుటుంబం కాదేంటి? ఆయన ఎండుచేప వాసనొస్తే వీధి మారతాడు. ఒక కుటుంబమైతే ఒక కూడేనా?"

 ఈ మాట ఆయన నవ్వుతూ అనలేదు. "పైగా మన ఉప్పుని వాన కరిగించి కిందికి తీసుకుపోద్ది. నీ గాజు మేడలో వానేది?"

ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆ మధ్యాహ్నం నేను విన్నది వాన చప్పుడు మాత్రమే. గాజు కింద ఉన్న చెట్టుకి వాన చప్పుడే అందుతుంది, చుక్క అందదు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు అంత తేలిక సంగతి తట్టలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటారు నాన్నా?"

"చేనైతే ఏం చేస్తారు? మంచినీళ్ళు నిండా పెట్టు, నిలవనియ్యి, కింద నుంచి వదిలెయ్యి. మళ్ళీ పెట్టు. నీళ్ళు చప్పబడే దాకా. మొవ్వు జోలికి మాత్రం వెళ్ళకు. బతికిందో లేదో చూద్దామని లాగేవంటే, బతికున్న మొవ్వు కూడా చేతికొచ్చేస్తది."

మొవ్వు అంటే చెట్టు నడినెత్తిన, ఇంకా విచ్చుకోని కొత్త ఆకు. ఈ జాతి చెట్లకి కొమ్మలుండవు, ప్రాణమంతా ఆ ఒక్క మొగ్గలోనే. అది కుళ్ళితే కింద ఎన్ని పచ్చటి ఆకులున్నా లాభం లేదు. కుళ్ళిన మొవ్వుని పట్టుకుని లాగితే కత్తి ఒరలోంచి వచ్చినట్టు ఊడొస్తుంది.

తొట్టిని కడగాలంటే నీళ్ళు బయటికి పోయే దారి ఉండాలి. పొద్దున్నే తొట్టి చుట్టూ నేల మీద పడుకుని వెతికాను. అడుగున ఒక తూము కనిపించింది, వేళ్ళతో, పాత మట్టితో పూర్తిగా మూసుకుపోయింది. గునపం పెడితే వేళ్ళు తెగుతాయి. అక్కతో కలిసి తోటలోని వెదురు పొద నుంచి సన్నటి కర్ర తెచ్చి, కొస నలగ్గొట్టి కుంచెలా చేసి, కొంచెం కొంచెంగా లోపలికి తోస్తూ మట్టి బయటికి లాగాం. మధ్యాహ్నం దాకా పట్టింది. నా ఒక చెవి నిండా బురద. చివరికి సన్నటి ధార ఒకటి జారింది.

"తస్సాదియ్యా, వచ్చింది" అంది అక్క. నిన్న నన్ను నోరు మూసుకోమన్న మనిషి ఈ రోజు నాకంటే ఎక్కువ బురదలో ఉంది.

తరువాతి సంగతి నీళ్ళు. తోటలో బోరు నీళ్ళు పోసిన కుండీల అంచుల మీద తెల్లగా సున్నం పేరుకోవడం అప్పటికే చూశాను. ఉప్పుని ఆ నీళ్ళతో కడిగితే బురదని బురదతో కడిగినట్టే. బయటికి వచ్చి గాజు మేడ చుట్టూ తిరిగాను. కప్పు మీద పడిన వాన అంతా ఇనుప గాడిల్లోంచి నాలుగు మూలల గొట్టాల్లోకి వచ్చి, నేరుగా కాలవలోకి పోతోంది. పునర్వసు వానలు. అంత మంచి నీరు అద్దానికి అవతల పడి పారిపోతోంది.

పెద్దమాలిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నాతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు.

"మేస్త్రిగారూ, ఈ గొట్టాన్ని ఇక్కడ విప్పితే, పైపు కట్టి కిటికీలోంచి లోపలికి తిప్పుకోవచ్చండి."

"ఎందుకు?"

"పెద్దాయనకి వాన కావాలండి."

ఆయన గొట్టం వైపు చూశారు, పైన గాడి వైపు చూశారు. లోపలికి వెళ్ళి ఒక రెంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. "అటు మర గాదు, ఇటు మర" అన్నారు. అది ఆయన మళ్ళీ నాతో మామూలుగా మాట్లాడిన మొదటి మాట.

వాన పడినప్పుడల్లా నీళ్ళు పైపులోంచి వచ్చి తొట్టి నింపేవి. తూముకి గుడ్డ కుక్కి ఒక పూట నిలవనిచ్చి, తీసేసేవాళ్ళం. వాన లేని రోజుల కోసం డ్రమ్ములు నింపి పెట్టుకున్నాం. ఉప్పు దిగిందో లేదో తెలియాలి కదా, తూములోంచి వచ్చే నీటిని వేలితో తీసి నాలుక మీద వేసుకునేదాన్ని. మా ఊళ్ళో కొత్త బోరు వేస్తే చేసే పని అదే. మొదటి రోజు నీళ్ళు కాట్రేనికోన సముద్రమే. పెద్దమాలిగారు చూసి మొహం చిట్లించారు.

"ఛీ, గదేం పని? ఎరువు నీళ్ళు గద."

"మీరూ చూడండి. లేకపోతే నేనేం చెప్పినా నమ్మరు కదా."

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని వేలు ముంచి నాకారు. ఉమ్మేశారు. "ఓ యమ్మా, పచ్చి ఉప్పు" అన్నారు. ఆ రోజు నుంచి తూము విప్పినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి వేళ్ళు ముంచేవాళ్ళం. అధికారిణి నీళ్ళ నమూనా సీసాలో పట్టి పరీక్షకి పంపారు. ఆ కాగితం తిరిగొచ్చేసరికి మా నాలుకలకి నీళ్ళు దాదాపు చప్పబడ్డాయి. కాగితం కూడా అదే మాట అంకెల్లో చెప్పింది. ఆయన ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, "ఔ, మంచిగనే రాసిండ్రు" అన్నారు. నేను తిప్పి ఇవ్వలేదు. నాకు ఆ పాటి బుద్ధి అప్పటికి వచ్చింది.

ఉప్పు దిగింది. కాని చెట్టు బతికిందో లేదో ఎవరికీ తెలియదు. ఆకుల అంచులు ఇంకా వికారంగానే ఉన్నాయి. నిచ్చెన ఎక్కి మొవ్వుకి ఒక ఎర్ర దారం చుట్టాను. పక్కనున్న ఆకు కాడకి అదే ఎత్తులో ఇంకో ఎర్ర దారం. కాడ పెరగదు. మొవ్వు బతికుంటే అది పైకి లేస్తుంది, దాని దారం రెండో దారాన్ని దాటుతుంది. ఈ ఉపాయం నాన్నదే. ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

పుష్యమి కార్తె రెండు వారాలూ ఎక్కి చూశాను. రెండు దారాలూ ఒకే గీత మీద ఉన్నాయి. కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని కొబ్బరి ఈనె ఒకటి అడ్డంగా పెట్టి చూసేదాన్ని. ఈనె తిన్నగా నిలిచేది. కింద నుంచి అక్క, "ఏమ్మా పంతులమ్మా, పాఠం ముందుకెళ్ళిందా?" అని అరిచేది. లేదని చెప్పడానికి తల ఊపేదాన్ని. ఎవరికీ చెప్పలేదు కాని, ఆ రోజుల్లో నాకు ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ నా తప్పు మోయబోయిన ఆ రంగులోళ్ళలాగే కనిపించేవారు. చెట్టు పోతే ఇంకెవరికీ నిజం చెప్పే ధైర్యం నాకు మిగలదేమో అనిపించేది. అందుకని చెట్టుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఎండిన అంచులు కత్తిరించమని ఎవరో అంటే ఒప్పుకోలేదు. కత్తెర పచ్చటి భాగంలోకి కూడా పోతుంది, మిగిలిన ఆ భాగమే చెట్టుకి వండి పెడుతోంది.

ఆశ్లేషలో అధికారిణి వచ్చారు. తెరిచే రోజు దగ్గర పడింది. "ఇక తేల్చాలమ్మా" అన్నారు. "మొవ్వు లాగి చూడండి. వస్తే తీసేద్దాం."

"ఇంకో వారం మేడం."

"వారం తరువాత కొత్త చెట్టు తెచ్చి పాతేంత టైం ఉండదు."

"అయితే నాలుగు రోజులు."

ఆవిడ నిట్టూర్చారు. పెద్దమాలిగారు నా పక్కన వచ్చి నిలబడ్డారు. "నాలుగు దినాలే గద మేడం. మా నాయిన కాలం నుంచి ఉన్నడు పెద్దాయన."

మూడో రోజు పొద్దున్న ఈనె కొంచెం ఒక పక్కకి వాలింది.  దిగిపోయి మళ్ళీ ఎక్కాను. ఈనె తీసి రెండో వైపు నుంచి పెట్టాను. మొవ్వు మీది దారం కాడ మీది దారం కంటే వడ్లగింజంత ఎత్తులో ఉంది. "మేస్త్రిగారూ!" అని పిలిచాను. నా గొంతు గుమ్మటానికి తగిలి తిరిగొచ్చింది. ఆయన ఆ మోకాళ్ళతో నిచ్చెన ఎక్కి, ముక్కు దారానికి ఆనించి చూశారు.

"లేసిండు" అన్నారు.

నాలుగో రోజు అధికారిణి ముందు ఆయనే మొవ్వుని రెండు వేళ్ళతో పట్టుకున్నారు. నాన్న లాగొద్దన్నారు. కాని ఆవిడకి దారం చాలదు. "నిమ్మళంగా లాగుతా" అన్నారు ఆయన. లాగారు. మొవ్వు కదలలేదు. ఇంకొంచెం గట్టిగా లాగారు. చెట్టు తల కొద్దిగా వంగింది కాని మొవ్వు మాత్రం రాలేదు. ఆయన వేళ్ళు వదిలేసి, నా వైపు చూసి, "పో, మీ నాయినకు ఫోన్ జెయ్" అన్నారు.

మఖలో గాజు మేడ తెరిచారు. పిల్లలు చెంబుల మొక్కల ముందు గుమిగూడారు. పెద్దాయన గుమ్మటం కింద అంచులు కాలిన ఆకులతో, నడుమ ఒక్క పచ్చటి మొవ్వుతో నిలబడి ఉన్నారు. అందంగా లేరు. ఆ తుప్పు రేకు పక్కన కొత్త రేకు ఒకటి పెట్టించారు అధికారిణి. అందులో ఏం రాయాలో నన్నే అడిగారు. తెలుగులో రెండే వాక్యాలు రాసిచ్చాను: "ఈ చెట్టుకి ఉప్పు వేయకూడదు. వాన నీళ్ళు పోయాలి."

ఆ మధ్యాహ్నం ఒక కుటుంబం అది చదివి పగలబడి నవ్వింది. ఆ ఇంటాయన నా చేతిలో నీళ్ళ డబ్బా చూసి, "అదేంటమ్మా, చెట్టుకి ఉప్పు ఎవరైనా వేస్తారా?" అని అడిగాడు.

పెద్దమాలిగారు మీసాల చాటున నవ్వు దాచుకుంటూ నా వైపు చూశారు.

"ఆయ్, వేస్తారండి" అన్నాను. "నేను వేసేను."